ముర్తజానగర్ ఎటు పోయింది? ప్రత్తిపాడు నుంచి ఒక షామ్ సఫర్



మన గుంటూరు ఇలాఖాకి ఒకప్పుడు ఇంకో పేరుండేది. ముర్తజానగర్. ఇవాళ ఆ పేరు చెప్తే గుంటూరు ఆటోవాలాకీ తెలీదు, మసీదు అరుగు మీద కూర్చునే మన బుజుర్గుల్లో చాలామందికీ తెలీదు. 16వ శతాబ్దం చివర్లో గోల్కొండ కుతుబ్‌షాహీలు కొండవీడు గెల్చుకున్నాక పెట్టిన పేరది. అటు కొండపల్లి ముస్తఫానగర్ అయింది, ఇటు కొండవీడు ముర్తజానగర్ అయింది. రెండొందల ఏళ్లకి పైగా సర్కారీ కాగితాల్లో నడిచిన పేరు ఇవాళ ఒక్క బోర్డు మీద కూడా లేదు.

పేరు పోతే పోయిందిలే అనుకోవచ్చు. కానీ స్కూల్లో మన బచ్చాల్ని "మీరు ఎక్కణ్నుంచి వచ్చారు?" అని తోటి పిల్లలు అడిగినప్పుడు వాళ్ల దగ్గర జవాబు ఉండట్లేదు. అడిగే పిల్లలదీ తప్పు కాదు, పెద్దల మాట విని అడుగుతారు. జవాబు చెప్పాల్సింది మనం. ఆ జవాబు ఏ లైబ్రరీలోనో కంటే మన రోడ్ల పక్కనే ఎక్కువ దొరుకుతుంది. అందుకే ఈసారి తారీఖ్‌ని ఎలక్ట్రిక్ బైక్ మీద చదువుదాం అంటున్నాను.

సవారీ సంగతి

ప్రత్తిపాడు నుంచి గుంటూరు ఇరవై కిలోమీటర్ల చిల్లర. ఇప్పుడు మన ఊళ్లలో కుర్రాళ్లు తోలే మామూలు ఎలక్ట్రిక్ బైక్‌కి ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లి రావడం ఇబ్బందేం కాదు. అసర్ నమాజ్ చదివి బయల్దేరితే మగ్రిబ్ అజాన్‌కి షెహర్లో ఉంటాం. మన పల్నాడు, గుంటూరు ఎండలు తెలిసినవాళ్లకి ఆ టైమే ఎందుకో చెప్పక్కర్లేదు. ఈ బండికి చప్పుడు లేదు. చేను గట్టు పక్కన ఆపి ఓ పెద్దాయన్ని పలకరిస్తే, ఇంజన్ కట్టేసే పని లేకుండానే మాట వినపడుతుంది. ఒక ఊరి అజాన్ వెనకపడుతుంటే ముందు ఊరి అజాన్ అందుకుంటుంది.

రెండు జాగ్రత్తలు చెప్తాను. మిర్చి సీజన్లో టిక్కీలు ఎత్తిన ట్రాక్టర్లు, లారీలు చీకట్లో లైట్లు లేకుండా కూడా వస్తాయి, హెల్మెట్ మర్చిపోకండి. కొండవీడు ఘాట్ ఎక్కేవాళ్లు ఛార్జింగ్ నిండా పెట్టుకోండి. ఎక్కేటప్పుడు బ్యాటరీ గబగబా తగ్గిపోతుంది.

పేరులోనే ప్రత్తి

మొదటి మజిలీ మన ఊరే. ప్రత్తిపాడు అంటే ప్రత్తి పండే ఊరు. "పాడు అంటే పాడైపోయిందా?" అని పిల్లలు అడుగుతారు. కాదు బేటా, పాడు అంటే ఊరే. పెదనందిపాడు, యడ్లపాడు, నల్లపాడు, చుట్టూ అన్నీ పాడులే.

ప్రత్తి ఉన్నచోట దూదేకులవాళ్లు ఉంటారు. నూర్‌బాషాలు, లద్దాఫులు, పింజారీలు, ఏ పేరుతో పిలిచినా పని ఒకటే. విల్లులాంటి పనిముట్టు నారిని మీటుతూ గింజ తీసిన దూదిని ఏకడం, పరుపులూ బొంతలూ కుట్టడం. ఊరిలో పెళ్లి కుదిరిందంటే, అది ఏ కులం ఇల్లైనా, పరుపులకి కబురు ముందు దూదేకుల ఇంటికే వెళ్లేది. వీళ్ల ఇళ్లలో మాదరీ జబాన్ తెలుగే. ఉర్దూ రాదని తోటి ముసల్మానులు చిన్నచూపు చూసిన రోజులూ ఉన్నాయి, అది మనం ఒప్పుకోవాల్సిన మాట. ఏకే మిషన్లు, ఫోమ్ పరుపులు వచ్చాక ఆ పేషా పోయింది. పేరు మాత్రం మిగిలింది.

మనం తారీఖ్ అనగానే సుల్తానులు, ఖిలాలు, తల్వార్లు అనుకుంటాం. ఈ మైదానంలో మనలో చాలామంది పెద్దలు ఏ ఖిలాకీ వారసులు కారు. వాళ్లు ఎక్కణ్నుంచీ రాలేదు కూడా. ఈ నల్లరేగడి మీదే పుట్టి, ఇక్కడే దీన్ స్వీకరించి, ఈ దూదే ఏకుతూ బతికారు.

ఆ ఇళ్లలోంచి ఎంత పెద్ద కళ వచ్చిందో చూడండి. గుంటూరు పక్క పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథని ఆంధ్రదేశమంతా తిప్పాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ పుస్తకంగా వస్తే దాని పేరు "పింజారి". ఎవరో చిన్నచూపుతో అన్న మాటనే పుస్తకం మీద పేరుగా నిలబెట్టారు. మన ఊరికి దగ్గర్లోని చిలకలూరిపేట నాదస్వరానికి పేరుపడ్డ ఊరు, ఆ విద్య తరతరాలుగా ముస్లిం ఇళ్లలో నడిచింది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరంలో దేశం మెచ్చిన ఉస్తాద్ అయ్యారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదిచ్చింది. గుళ్లో ఊదే వాద్యాన్ని షేక్ ఇంటివాళ్లు తమ ఇంటి విద్యగా కాపాడారంటే, ఈ సీమలో మన చోటు ఎలాంటిదో తెలుస్తుంది.

కొండవీడు: ఖిలా చేతులు మారిన కథ

దీనికి వేరే సాయంత్రం పెట్టుకోండి. హైవే దాటి యడ్లపాడు వైపు వెళ్తే కొండవీడు కొండలు కనపడతాయి. పొద్దు వాలేటప్పుడు ఆ కొండల అంచు నల్లగా తేలుతుంది. పైకి ఘాట్ రోడ్డు ఉంది. పైన మూడు చెరువులు, బురుజులు, కూలిన గోడలు.

రెడ్డి రాజ్యం 1325 ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డితో అద్దంకిలో మొదలైంది. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. కవి శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి దర్బారులో విద్యాధికారిగా ఉన్నది ఇక్కడే. రెడ్ల తర్వాత కోట గజపతుల చేతికి పోయింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెల్చుకున్నాడు. మళ్లీ 1579-80 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా ఫౌజు గెల్చుకుంది.

ప్రతి చేతి మార్పులోనూ ఖూన్ కారింది. యుద్ధం యుద్ధమే, ఏ జెండా కింద జరిగినా. పంటలు తొక్కింది, గుళ్లనీ ఇళ్లనీ కొట్టింది, రైతు మీద శిస్తు పెంచింది. మనవాడు గెలిచాడని ఫఖర్ పడే అవసరమూ లేదు, ఆ గెలుపుకి ఇవాళ్టి దూదేకుల మనవడు సంజాయిషీ ఇచ్చుకునే అవసరమూ లేదు.

ఇబ్రహీం పేరు చెప్పగానే ఇంకో సంగతి కూడా చెప్పాలి. తెలుగు కవులు ఆయన్ని "మల్కిభరాముడు" అన్నారు. అద్దంకి గంగాధర కవి తన "తపతీ సంవరణోపాఖ్యానం" ఆయనకే అంకితం ఇచ్చాడు. కందుకూరి రుద్రకవికి ఆయన దర్బారు నుంచి చింతలపాలెం అగ్రహారంగా దక్కింది. అద్దంకి, కందుకూరు, రెండూ మన పక్క ఊళ్లు. కొండవీటి మీదికి ఫౌజు పంపిన పాదుషా, తెలుగు కావ్యం చదివించుకుని విన్న పాదుషా ఒక్కడే. రెండూ నిజమే. పిల్లలకి రెండూ చెప్పాలి.

కొండ నుంచి వెలుతురుండగానే దిగిపోండి. అవతలి పక్క ఫిరంగిపురం. ఫిరంగీ అన్నది ఫార్సీలో యూరప్‌వాళ్లకి పెట్టిన పేరు, వాళ్ల తోపులకీ మన తెలుగులో అదే పేరయింది.

రైతు నోట్లో మన జబాన్

గుంటూరు దారిలో చేలగట్ల మీద ఆగినప్పుడు మాటలు వినండి. ముర్తజానగర్ అక్కడ దాక్కుని ఉంది.

కౌలు రైతు. ఈ మైదానంలో రోజూ వినే మాట. కౌలు అరబ్బీ "ఖౌల్", ఇచ్చిన మాట అని అర్థం. రైతు అరబ్బీ "రఇయ్యత్". అచ్చ తెలుగు రైతు గురించి చెప్పేటప్పుడు రెండు మాటలూ అరబ్బీవే, ఫార్సీ దర్బారు మీదుగా వచ్చినవి. జిల్లా, తాలూకా, కచేరీ, తహశీల్దారు, దస్తావేజు, రసీదు, ఇనాము, జమాబందీ, ఇవన్నీ ఆ దఫ్తర్ మాటలే. మిర్చి యార్డుకి వెళ్తే హమాలీ, దలాలీ, బస్తా. రెవెన్యూ లెక్కల్లో ఇప్పటికీ ఫసలీ సంవత్సరం నడుస్తుంది. 2024 జులై 1న మొదలైంది ఫసలీ 1434. పంట కాలానికి తగ్గట్టు శిస్తు వసూలు చేయడానికి అక్బర్ కాలంలో పెట్టిన లెక్క, ఇవాళ మన వీఆర్వో కంప్యూటర్‌లో ఉంది.

మిరపకాయ సంగతే తీసుకోండి. అది అమెరికా ఖండం మొక్క. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో హిందూస్తాన్ తీరానికి తెచ్చారు. గోల్కొండ జెండా కొండవీడు ఎక్కిన శతాబ్దం కూడా అదే. ఇవాళ గుంటూరు కారాన్ని ఎవరైనా పరాయిదంటే ఊరుకుంటామా?

కైఫియత్‌లు చెప్పే సాక్ష్యం

1687లో ఔరంగజేబు గోల్కొండని గెలిచాక ముర్తజానగర్ సర్కారు మొఘలుల కిందికి, ఆ తర్వాత నిజాం కిందికి వచ్చింది. నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్‌కి ఇది జీవితకాలం జాగీర్. అందుకే మిగతా ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్లకి పోయినా గుంటూరు ఆగింది. ఆయన 1782లో ఇంతెకాల్ అయ్యాడు. 1788లో గుంటూరు కంపెనీ చేతికి పోయింది.

ఆ తర్వాత కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి స్థానిక చరిత్రలు రాయించారు. వాటిని కైఫియత్‌లు అంటారు. ఆ మాట కూడా మనదే, "ఎలా ఉంది, ఏం జరిగింది" అని. మన జిల్లా కైఫియత్‌లు తెరిస్తే ఊరి పేరు ముందు మౌజే అని, సర్కారు పేరు ముర్తజానగర్ అని కనపడుతుంది. కాగితం మీద తెలుగు లిపి. రాసింది ఊరి కరణాలు. పాలించేది కంపెనీ. అయినా ఆ కరణాల కలానికి ముర్తజానగర్ పరాయి పేరు కాలేదు. మన ఉనికికి ఇంతకంటే పక్కా గవాహీ ఏం కావాలి?

షెహర్లో మగ్రిబ్

గుంటూరులో పొద్దు దిగే వేళకి చౌత్రా, లాలాపేట, ఆనందపేట గల్లీల్లోకి వెళ్లండి. కార్లు ఇరుక్కునే చోట ఈ బండి హాయిగా దూరుతుంది. కాలే మస్తాన్ వలీ దర్గా దగ్గర ఆగితే ఫాతిహా చదివే చేతుల పక్కనే కొబ్బరికాయ పట్టుకున్న చేతులూ కనపడతాయి. అగస్త్యేశ్వరాలయం ఉన్న పాత గుంటూరు కూడా చూడండి, మన ముర్తజానగర్ కంటే ముందు నుంచీ ఉన్న ఊరది. దాన్ని వదిలేసి మన తారీఖ్ మొదలుపెడితే అదీ అధూరానే.

ఇక మహాత్మా గాంధీ రోడ్డు మీద జిన్నా టవర్. ఆరు స్తంభాలు, పైన గుంబద్. దేశం ముక్కలు కాకముందు, 1940ల్లో కట్టింది. పేరు మార్చాలని గొడవ జరిగితే 2022 ఫిబ్రవరిలో మూడు రంగులు వేశారు. నాకు బాధ కలిగించేది వేరే. గుంటూరు ముసల్మాన్ అనగానే టీవీవాళ్లకి ఆ ఒక్క టవరే గుర్తొస్తుంది. ఎనభై ఏళ్ల కట్టడం ముందు నాలుగున్నర శతాబ్దాల బతుకు కనపడకుండా పోయింది. అందులో మన వాటా కూడా ఉంది. మనం వేరే ఏదీ చూపించలేదు కదా.

మనం చేయగలిగింది

ఈ సఫర్‌కి పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లండి. ఫోన్‌లో ఫోటోలతో ఆపకండి. మీ ఊరి ఖబరస్తాన్‌లో రాళ్ల మీద చెక్కిన పేర్లు, తారీఖులు చెరిగిపోకముందే రాసుకోండి. మసీదు పెట్టెలో, ఇంటి అటక మీద ఇనాము కాగితాలు, పాత దస్తావేజులు ఉంటే ఫార్సీ, ఉర్దూ చదవగల ఆలిమ్ సాబ్‌తో చదివించండి. వక్ఫ్ జమీన్ తగాదాల్లో ఆ కాగితమే రేపు మాట్లాడాలి, చెదలు తిన్నాక అది మాట్లాడలేదు. దూది ఏకిన చివరి తరం నానీలు, దాదాలు ఇంకా ఉన్నారు. ఏ ఇంటికి పరుపు కుట్టారో, కూలి ఎంత ఇచ్చారో, ఆ ఇళ్లవాళ్లు తమని ఏ వరసతో పిలిచారో అడగండి. బాబాయ్ అన్నారా, సాయిబు అన్నారా, అది కూడా రాయండి.

ఈ పని ఈ చలికాలంలోనే మొదలుపెట్టండి. ప్రత్తి తీతలప్పుడు పెద్దవాళ్లు సాయంత్రం అరుగుల మీద తీరిగ్గా దొరుకుతారు. డిసెంబర్లో పొద్దు ఐదున్నర దాటగానే దిగిపోతుంది, కాబట్టి అసర్ అవగానే కదలండి. మీ ఊరి కైఫియత్ ఇంకెవరో వచ్చి రాయరు.

ఖుదా హాఫిజ్.