ఎవరి శరీరం, ఎవరి సంతకం?

ఆసుపత్రిలో చేరిన మనిషికి బాధ్యతలు ముందొచ్చాయి. హక్కులు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఈ వరసని అర్థం చేసుకోవడానికి నేను మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం నుంచి మొదలుపెడతాను. (మదనపల్లె అనగానే అందరూ ఠాగూర్ దగ్గర, జనగణమన దగ్గర ఆగిపోతారు. ఆ ఊరికి ఇంకో చరిత్ర కూడా ఉంది.) క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో స్థాపించిన క్షయ శానిటోరియం అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోడ్ మోలర్ దాన్ని నిలబెట్టాడు.

స్ట్రెప్టోమైసిన్ రాకముందు క్షయకి మందు లేదు. గాలి, వెలుతురు, మంచి తిండి, విశ్రాంతి – అదే వైద్యం. అంటే రోగి నడవడికే మందన్నమాట. మంచం దిగొద్దంటే దిగకూడదు, కఫం డబ్బాలోనే ఉమ్మాలి, ఉండమన్నన్ని నెలలు ఉండాలి. ఇంటికి దూరంగా నెలల తరబడి పడుకోమనే మాట మగరోగికి ఒక అర్థమైతే, చంటిబిడ్డ తల్లికి పూర్తిగా వేరే అర్థం. ఆ తేడాని ఏ నియమావళీ లెక్కలోకి తీసుకోలేదు. 1956లో మద్రాసులో 193 మంది రోగుల్లో కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంట్లోనే మందులిచ్చి పోల్చి చూశారు. మందులు సరిగ్గా వాడితే ఇంట్లోనూ దాదాపు అంతే బాగా నయమవుతుందని 1959లో తేలింది. అప్పటిదాకా రోగి బాధ్యత పేరుతో ఆ తల్లులు భరించిన ఎడబాటు ఏ చరిత్రలోనూ నమోదు కాలేదు.

ఇది పాతకథ అనుకోవడానికి లేదని పుంగనూరులో ఒకామెతో మాట్లాడాక అనిపించింది. ఆమె పుట్టిల్లు కుప్పం పక్క పల్లె, ఇంట్లో మాట తమిళం. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. కడుపునొప్పని వెళితే ఆపరేషన్ అన్నారు.

"ఏం తీసేసినారో ఎవురూ చెప్పలే మా. మా ఆయన సంతకం పెట్టినాడంట" అంది.

ఆ కాగితం ఇంగ్లీషులో ఉందట. ద్రావిడ భాషల కోసమే 1997లో విశ్వవిద్యాలయం వెలసిన కుప్పం ప్రాంతపు ఆడపడుచు ఈమె!

చట్టం ఏమంటుంది? సమీరా కోహ్లీ కేసు చూడండి. 1995లో పరీక్ష కోసమని మత్తిచ్చిన అవివాహిత ఆమె. స్పృహలో లేనప్పుడు బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకి ఒప్పుకోవడం చికిత్సకి ఒప్పుకోవడం కాదనీ, ప్రాణాపాయం లేనప్పుడు మేజరైన స్త్రీ బదులు తల్లి ఒప్పుకోవడం చెల్లదనీ 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. నష్టపరిహారం మాత్రం 25,000 రూపాయలు! తీర్పు విలువా, శరీరం విలువా ఒకటి కావు కాబోలు.

ఇక భర్త సంతకం. మేజరైన స్త్రీకి అబార్షన్ విషయంలో ఆమె సమ్మతి ఒక్కటే చాలని 1971 చట్టం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి భాగస్వామి సమ్మతి అక్కర్లేదని ప్రభుత్వ ప్రమాణాలు. కానీ 2002లో మెడికల్ కౌన్సిల్ చేసిన నియమాల్లో, పిల్లలు పుట్టకుండా పోయే ఆపరేషన్‌కి భార్యాభర్తలిద్దరి సమ్మతీ కావాలని ఉంది. ఇద్దరిదీ అన్నది ఆచరణలో ఒక్కడిది ఎలా అవుతుందో మనకి తెలియనిది కాదు.

2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. అందులో బాధ్యతలూ ఉన్నాయి: జబ్బు వివరాలు దాచకూడదు, వైద్యుల సూచనలు పాటించాలి, సిబ్బందిని గౌరవించాలి. వీటితో నాకు పేచీ లేదు. కానీ తనకేం జరిగిందో తెలియని మనిషి, రేపు ఇంకో డాక్టర్ అడిగితే ఏ వివరం చెప్పగలదు? అండాశయాలు ఉన్నాయో లేవో ఆమెకే తెలియదు. నలభై దాటలేదు, ఒళ్ళంతా ఆవిర్లు అంటోంది.

అదే 2002 నియమాల్లో ఇంకో మాట కూడా ఉంది. ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్ళు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆమె ఆపరేషన్ జరిగి అప్పటికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఆ సాయంత్రమే అర్జీ రాసి చదివి వినిపించాను. ఆమె రెండుసార్లు చదివించుకుని, వేలిముద్ర వేసి, మర్నాడు పొద్దున తనే పట్టుకెళ్ళి ఇచ్చింది. పది రోజులైంది, జవాబు రాలేదు. రెండో అర్జీ రాస్తున్నాం.