గాలిలో వంటిల్లు: సుదూర సైనిక విమానాల నిత్యజీవితానికి కొంత వ్యాఖ్యానం

ఎండ్యూరెన్స్: నేల విడిచిన విమానం మళ్ళీ దిగకుండా ఎంతసేపు ఎగరగలదో చెప్పే లెక్క. మొదట్లో దీన్ని తేల్చేది ఇంధనమే. గాలిలోనే ఇంధనం నింపుకోవడం కుదిరాక ఆ హద్దు చెరిగిపోయింది. 1949లో ‘లక్కీ లేడీ 2’ అనే అమెరికన్ బి-50 బాంబర్ దారిలో నాలుగుసార్లు ఇంధనం అందుకుని, 94 గంటల ఒక నిమిషంలో భూమిని చుట్టి, బయలుదేరిన టెక్సాస్‌లోనే దిగింది. లోపల 14 మంది. దాదాపు నాలుగు రోజులు వాళ్ళ తిండీ నిద్రా అన్నీ అందులోనే. 2001 అక్టోబరులో మిస్సోరి నుంచి అఫ్గానిస్తాన్ మీదికి వెళ్ళి, డియెగో గార్సియా దీవిలో దిగిన బి-2 బాంబర్ ఒకటి 44 గంటలకు పైగా గాలిలో ఉంది. నడిపింది ఇద్దరే. యంత్రం ఇంకా ఎగరగలదు, ఆగవలసి వచ్చేది మనిషి ఒంటికోసమే. అందుకే పొయ్యి, పడక, మరుగుదొడ్డి అనే మూడింటినీ ఇంజన్‌తోనూ రాడార్‌తోనూ సమానమైన పరికరాలుగా చూడాలంటాను.

విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలిపిన టీయూ-142ఎం విమానాన్ని చూసినవాళ్ళు ఎందరో ఉంటారు. 29 ఏళ్ళు మన నౌకాదళానికి సేవచేసి, 2017 మార్చిలో అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలిలో విరమించిన విమానశ్రేణికి చెందినది అది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. ఆ హోరులో గంటల తరబడి సముద్రం మీద జలాంతర్గాముల కోసం వెతికేవారు. లోపలికి వెళ్ళినప్పుడు ఆయుధాలనే కాదు, మనుషులు కూర్చున్న ఆ ఇరుకునూ కాసేపు చూడండి.

గ్యాలీ: విమానంలో వంటచోటు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బ్రిటిష్ వాయుసేన వారి షార్ట్ సండర్‌లాండ్‌లోది. రెండో ప్రపంచయుద్ధంలో అట్లాంటిక్ మీద కాపు కాసిన ఈ నీటివిమానంలో రెండు కిరోసిన్ ప్రెషర్ స్టవ్‌లు, పడకలు, నీళ్ళు పోసి శుభ్రం చేసే పింగాణీ మరుగుదొడ్డి, చిన్న మరమ్మతుల బల్ల ఉండేవి. రెక్కల్లో వేల లీటర్ల పెట్రోలు, కింద మండుతున్న స్టవ్! ఆ సాహసానికి కారణం ఉంది. గస్తీ పన్నెండు, పదమూడు గంటలు సాగేది. కిటికీ దగ్గర కూర్చుని కెరటాల నడుమ పెరిస్కోపు కోసం వెతికే మనిషికి వేడి అన్నపానాలు అందకపోతే చూపు మందగిస్తుంది. చూపు మందగిస్తే ఆ విమానం అక్కడ ఎగిరి ప్రయోజనం లేదు.

హాంకర్స్: సండర్‌లాండ్ తరవాత వచ్చిన షాకిల్టన్, నిమ్రాడ్ గస్తీ విమానాల్లో ప్రసిద్ధమైన స్ట్యూ. డబ్బా మాంసం, డబ్బా కూరగాయలు, డబ్బా సూపు, ఏది ఉంటే అది ఒకే గిన్నెలో పోసి, ఘాటుగా ఏదో పొడో సాసో కలిపి కాచేవారు. వండేది వంటవాడు కాదు, సిబ్బందిలోనే ఒకరు. ఘాటు ఎందుకంటే, పైన గాలి పొడిగా ఉంటుంది, ముక్కు వాసనను సరిగా పట్టదు, ఇంజన్ల చప్పుడు కూడా ఉప్పునూ తీపినీ నాలుకకు తక్కువగా తోపిస్తుంది. పైగా గాలిపీడనం నిలిపే విమానాల్లో కూడా కేబిన్‌లో ఉండేది సుమారు 8,000 అడుగుల ఎత్తున ఉండే పీడనం, అంటే మన ఊటీ కన్నా కాస్త పైన. అక్కడ నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అన్నం, పప్పు లాంటివి ఆ వేడికి త్వరగా ఉడకవు. అందుకే గాలిలో వంటంటే ముందే ఉడికినదాన్ని వేడిచేయడమే.

బంకు: విమానంలో పడక. లక్కీ లేడీలో సిబ్బంది వంతులవారీగా పడుకున్నారు. బి-2లో సీట్ల వెనక ఒక మనిషి ఒళ్ళు చాపే జాగా మాత్రమే ఉంది. మడత కుర్చీ తెచ్చుకుని వాడుకున్న పైలట్లున్నారు.

ట్యూబు: ఇక్కడ మాత్రం కాస్త ఆగాలి. యు-2 నిఘా విమానంలో ఒక్కడే పైలట్. 70,000 అడుగుల పైన, పది గంటలైనా ఎగరవచ్చు. సుమారు 63,000 అడుగులు దాటితే గాలిపీడనం ఎంత తక్కువంటే, రక్షణ లేని శరీరంలోని తడి ఒంటి వేడికే మరగడం మొదలవుతుంది. అందుకే పైలట్ పీడన సూటులో, బిగించిన హెల్మెట్‌లో ఉంటాడు, ఆకలేసినా దాన్ని తీయలేడు. టూత్‌పేస్టు గొట్టంలాంటి లోహపు ట్యూబులో గుజ్జు చేసిన భోజనం వస్తుంది. కాక్‌పిట్‌లోనే వేడిచేసి, ట్యూబుకు సన్నని గొట్టం తగిలించి, హెల్మెట్‌లోని చిన్న రంధ్రం గుండా నోట్లోకి పిండుకోవాలి. ఈ ట్యూబులను అమెరికా సైన్యపు నేటిక్ పరిశోధన కేంద్రం తయారుచేస్తుంది. మాంసపు వంటకాలతో పాటు ఆపిల్ గుజ్జు, పీచ్ పండ్ల తీపివంటకం, కెఫీన్ కలిపిన చాక్లెట్ పుడ్డింగ్ ఉంటాయి. ఆ చివరిది తిరుగు ప్రయాణంలో రెప్పలు వాలకుండా చూస్తుంది. ఈ ట్యూబు భోజనాన్ని రుచిగా ఉంచడానికి శ్రమ ఎందుకు? తినాలనిపించనిది పైలట్ తినడు, తినకపోతే దిగే సమయానికి బలం ఉండదు. యు-2ను దించడం కష్టమైన పని.

పిప్పి తక్కువ తిండి: యు-2 పైలట్లకు ప్రయాణానికి ముందు గుడ్లూ మాంసమూ. చిక్కుళ్ళూ క్యాబేజీ లాంటివి వద్దు. పాత యు-2 కాక్‌పిట్‌లో ఉన్న పీడనం దాదాపు 29,000 అడుగుల ఎత్తున ఉండేదానితో సమానం. అక్కడ కడుపులోని వాయువు మూడింతలకు ఉబ్బుతుంది. నొప్పితో వంగిపోయిన పైలట్‌కు విమానం మీద ధ్యాస ఎలా నిలుస్తుంది?

మరుగుదొడ్డి: బి-2లో సీట్ల వెనక ఒక రసాయన మరుగుదొడ్డి ఉంది, తలుపు లేదు. యు-2లో సూటులోనే ఒక గొట్టం. ఇలాంటి గొట్టాలూ, మూత్రం పట్టే సంచులూ పురుషుల శరీరానికే రూపొందాయి, అది నాకు బాధ కలిగించే సంగతి. అమెరికన్ వాయుసేనలో మహిళా పైలట్లు అవసరం పడకుండా ముందునుంచే నీళ్ళు తాగడం మానుకునేవారు. దాహంతో ఉన్న ఒంట్లో ఏకాగ్రత తగ్గుతుంది, విమానం గిరుక్కున తిరిగినప్పుడు రక్తం మెదడుకు ఎక్కడం కష్టమై స్పృహ తప్పే ప్రమాదం పెరుగుతుంది. వాళ్ళకు తగిన పరికరాల మీద గట్టి కృషి జరిగింది ఇటీవలి ఏళ్ళలోనే. మన నౌకాదళంలో సముద్ర నిఘా విమానాల్లో మహిళా అబ్జర్వర్లు 2009 నుంచి ఉన్నారు. ఇప్పుడు రాజాలి నుంచి ఎగిరే పీ-8ఐ బోయింగ్ 737 నుంచి పుట్టిన విమానం కాబట్టి అందులో వంటచోటూ, తలుపున్న మరుగుదొడ్డీ ఉన్నాయి.