చిట్టి కుక్క: చరిత్ర, సంరక్షణ

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలో ఇంటి అరుగుమీద కూర్చొని దారిన పోయేవారినందరినీ చూచి మొరిగే తెల్లని బొచ్చుకుక్కను జనం ‘పొమెరేనియన్’ అంటారు. నిజానికి వాటిలో చాల భాగం ఇండియన్ స్పిట్జ్ జాతివి. ఆంగ్లేయుల కాలంలో ఈ దేశానికి వచ్చిన స్పిట్జ్ కుక్కల సంతతినుండి ఈ జాతి రూపొందినది. అసలు పొమెరేనియన్ ఇంకా చిన్నది. పెరిగిన కుక్క ఒకటిన్నర మొదలు మూడు కిలోలవరకు తూగుతుంది. రెండింటికీ పూర్వులు చలిదేశపు కుక్కలే. అట్టివి మన సముద్రతీరపు ఉక్కలో ఎట్లు బ్రతుకుతున్నవి?

పొమెరేనియా బాల్టిక్ సముద్రానికి దక్షిణతీరాన ఉన్న ప్రాంతం. 1767లో మూడవ జార్జి రాజు భార్య షార్లెట్ రాణి ఈ కుక్కలను ఇంగ్లండుకు తెప్పించినది. ఆ కాలపు చిత్రాలలో అవి నేటి వాటికంటె చాల పెద్దవిగా కనిపిస్తవి. 1888లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో ‘మార్కో’ అనే చిన్న కుక్కను కొన్నది. దాని బరువు సుమారు ఐదున్నర కిలోలు. రాణిగారి ముచ్చట ప్రజల ముచ్చట అయినది. పెంపకందారులు ప్రతి ఈతలోను చిన్నవాటినే ఎంచి, వాటినే జతకలుపుతూ పోయినారు. కొద్ది తరాలలో జాతి అంతా చిన్నదైపోయినది.

ఈ మార్పుకు మూలమేమి? 2007లో శాస్త్రజ్ఞులు చిన్న, పెద్ద జాతుల కుక్కలను పోల్చి చూడగా, పెరుగుదలకు తోడ్పడే ఐ.జి.ఎఫ్.-1 అనే జన్యువువద్ద తేడా కనిపించినది. 2022లో మరొక వింత బయటపడినది. చిన్నతనాన్ని కలిగించే జన్యురూపం సైబీరియాలో సుమారు 54,000 ఏండ్లనాటి తోడేలు అవశేషంలోనే ఉన్నది! అనగా బీజం ప్రకృతిది. దానిని ఏరి కూర్చినవాడు మానవుడు.

అయితే శరీరం చిన్నదైనకొలది కష్టాలు పెరిగినవి. చిన్న దేహానికి బరువుతో పోల్చితే ఉపరితలం ఎక్కువ. అందుచేత వేడిని త్వరగా కోల్పోతుంది, శక్తిని త్వరగా ఖర్చు చేస్తుంది. కూన కొన్ని గంటలు పస్తుంటే రక్తంలో చక్కెర తగ్గి, తూలి పడిపోవచ్చును. కనుక దానికి కొద్దికొద్దిగా రోజుకు మూడు నాలుగు మార్లు ఆహారం పెట్టవలెను. మోకాలిచిప్ప పక్కకు తొలగడం, శ్వాసనాళం అణగిపోవడం ఈ జాతికి తరచుగా వచ్చే బాధలు. అందుకే మంచాలపైనుండి దూకనీయరాదు. మెడపట్టీకి బదులు ఛాతీకి కట్టే పట్టీ వాడవలెను.

మన ప్రాంతంలో అసలు శత్రువు ఉక్క. కుక్క మనవలె ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు. నాలుక చాచి వగర్చి, తడి ఆవిరి కావడంవలన చల్లబడుతుంది. బంగాళాఖాతపు గాలి తేమతో నిండి ఉన్నప్పుడు ఆవిరి సరిగా పుట్టదు. కనుక వేసవిలో తెల్లవారుజామునే షికారు త్రిప్పి, పగలు నీడను, గాలి ఆడే గదిలో నీటిగిన్నె దగ్గర ఉంచవలెను. వేడి అని బొచ్చును మొదలంటా గొరిగించడం పొరపాటు. ఆ బొచ్చే ఎండకు అడ్డు, ఒక్కొక్కప్పుడు అది తిరిగి సరిగా మొలవదు కూడ. దువ్వి, చిక్కులు తీస్తే చాలును.

మనం తినే పులుసన్నం దానికి పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తవి. మూడు కిలోల దేహానికి కొంచెమే హాని చేయగలదు. మామిడి టెంక మ్రింగితే ప్రేగులకు అడ్డుపడుతుంది.

ఇల్లు కదలని కుక్కకు టీకా ఎందుకని కొందరంటారు. 1885 జూలై 6న పాశ్చర్ పిచ్చికుక్క కరచిన బాలునికి తొలిసారి టీకా వేయించినాడు. 1907లో నీలగిరులలోని కూనూరులో పాశ్చర్ సంస్థ ప్రారంభమైనది. అప్పుడు మన ప్రాంతం మదరాసు రాజధానిలో భాగం. నేడు విజయనగరం జిల్లా గరివిడిలోనే పశువైద్య కళాశాల ఉన్నది. వీధికుక్క ఒక్కసారి గుమ్మం దాటి వచ్చినా చాలును. కనుక చిన్న కుక్కకు కూడ రేబిస్ టీకా తప్పదు.

మార్కోనాటి మోజు ఇంకా తీరలేదు. ‘టీకప్పు కుక్క’ అనే పేరుతో మరీ చిన్నవాటిని అమ్మేవారున్నారు. అట్టి జాతి ఏదీ లేదు. ఎముకల పెళుసుతనం, చక్కెర తగ్గుట మాత్రం వాటిలో మరింత ఎక్కువ. కొనేవారు కూన ఎంత చిన్నదని కాక, దాని తల్లి ఆరోగ్యమెట్లున్నదని అడగడం మంచిది.