డిస్క్ పార్టిషన్ల సైజు మార్పు

హార్డ్ డిస్క్‌లో విడివిడిగా కేటాయించిన భాగాలను, వాటిలోని డేటా చెరగకుండా పెంచడం లేదా కుదించడం. పాత ఆఫీసు సర్వర్లలో ఈ అవసరం తరచూ వస్తుంది. మొదట్లో సి డ్రైవ్‌కు కొద్దిపాటి చోటు వదిలి, మిగతాదంతా డి డ్రైవ్‌కు ఇచ్చేవారు. అప్‌డేట్లు, లాగ్ ఫైళ్లు ఏళ్ల తరబడి పేరుకొని సి నిండిపోతుంది. పక్కనే డి సగం ఖాళీగా ఉంటుంది.

విండోస్ సర్వర్ 2003లోని డిస్క్‌పార్ట్ అనే కమాండ్ సిస్టమ్ పార్టిషన్‌ను పెంచలేదు. 2008 వెర్షన్‌లో పెంచడం, కుదించడం రెండూ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వచ్చాయి. అసలు చిక్కు వేరే ఉంది: బేసిక్ డిస్క్‌పై సి పెరగాలంటే ఖాళీ జాగా దాని వెంటనే ఆనుకొని ఉండాలి. డిని కుదిస్తే ఖాళీ దాని చివర మిగులుతుంది, సికి అందదు. కాబట్టి డిలోని డేటాను వేరేచోట దాచి, ఆ పార్టిషన్‌ను తీసేసి, సిని పెంచి, డిని మళ్లీ సృష్టించాలి. లేదా జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్‌తో డి మొత్తాన్ని పక్కకు జరపాలి. ఇది గంటలు పట్టే పని, మధ్యలో కరెంటు పోతే డేటా గల్లంతయ్యే ప్రమాదముంది. కుదించేటప్పుడు పేజ్‌ఫైల్ లాంటి కదలని ఫైళ్లు కూడా అడ్డుపడతాయి.

లినక్స్‌లో ఎల్‌వీఎం (లాజికల్ వాల్యూమ్ మేనేజర్) వాడితే ఆనుకొని ఉండాలన్న షరతు లేదు. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను సర్వర్ నడుస్తుండగానే పెంచవచ్చు, కుదించాలంటే మాత్రం అన్‌మౌంట్ చేయాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా, బ్యాకప్ తీసి, అది రిస్టోర్ అవుతుందో లేదో చూసుకున్నాకే పనికి దిగాలి.