కె.ఎల్. సైగల్: మైక్రోఫోను ముందు మెల్లగా పాడిన గొంతు

మైకులు లేని రోజుల్లో పద్యనాటకం ఆడితే, నటుడి రాగం ఆఖరి వరుసలో కూర్చున్నవారికి కూడా వినబడాలి. గొంతులో బలం లేనివారికి రంగస్థలం మీద చోటు ఉండేది కాదు. గ్రామఫోను రికార్డులదీ అదే పరిస్థితి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ తన తొలి రికార్డులకు పాడింది ఒక లోహపు బాకాలోకి. గట్టిగా పాడితేనే సూది కదిలేది. 1925 నుంచి విద్యుత్ మైక్రోఫోనుతో రికార్డింగు మొదలయింది. ఇక అరవవలసిన అవసరం తీరింది. ఈ మార్పును మన దేశంలో అందరికంటే బాగా వినియోగించుకున్న గాయకులలో కుందన్ లాల్ సైగల్ ఒకరు.

ఆయన 1904 ఏప్రిల్ 11న జమ్మూలో జన్మించారు. ఏ ఘరానాలోనూ క్రమబద్ధంగా సంగీతం నేర్చుకోలేదు. తల్లి పాడే భజనలు వింటూ పెరిగారు. రైల్వేలో టైంకీపరుగా పనిచేశారు, రెమింగ్టన్ టైపురైటర్లు అమ్మారు. 1930ల తొలినాళ్లలో కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థలో చేరారు. అక్కడ ఆర్.సి. బోరాల్, పంకజ్ మల్లిక్ వంటి సంగీత దర్శకులు ఆయన గొంతుకు తగిన బాణీలు కట్టారు. 1935లో వచ్చిన హిందీ 'దేవదాస్' ఆయన పేరును దేశమంతటా వినిపించింది.

ఆ పాటలో కొత్తదనం ఏమిటో గమనించండి. సైగల్ పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్లు పాడారు. మాట విరుపు, ఊపిరి, స్వరంలోని చిన్న వణుకు కూడా శ్రోతకు చేరాయి. మెహఫిళ్లలో వినిపించే గాలిబ్ గజళ్లు ఆయన రికార్డుల ద్వారా సామాన్యుల ఇళ్లకు వచ్చాయి.

అయితే ఆయనకు ఇంత మేలు చేసిన శబ్దగ్రహణ విద్యే ఆయన వంటి గాయక నటుల కాలాన్ని ముగించింది. 1935లోనే న్యూ థియేటర్స్ వారి 'ధూప్ ఛావోఁ'తో హిందీ చిత్రాల్లో నేపథ్యగానం మొదలయింది. ఒకరు నటించవచ్చు, మరొకరు పాడవచ్చు. అయినా 1938లో 'స్ట్రీట్ సింగర్' చిత్రానికి సైగల్ ఒక ఠుమ్రీని కెమెరా ముందు నడుస్తూ తానే పాడారు. మైక్రోఫోను ఆయన వెంటే కదిలింది. తెలుగులో చిత్తూరు నాగయ్య గారిదీ ఈ గాయక నటుల తరమే.

మద్యపానం సైగల్ ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. 1947 జనవరి 18న, 42 ఏళ్ల వయసులోనే, జలంధర్‌లో కన్నుమూశారు. 1945లో 'పెహ్లీ నజర్' చిత్రానికి అచ్చం సైగల్‌లా పాడిన ముకేశ్ తర్వాత సొంత బాణీ వెతుక్కున్నారు. రేడియో సిలోన్ దశాబ్దాల పాటు ఉదయం ఎనిమిది గంటల వేళకు సైగల్ పాట వేసేది. ఆ పాటను సరిహద్దులకు ఇరువైపులా వినేవారు.

ఈసారి సైగల్ రికార్డు విన్నప్పుడు, ఆయన ఎంత మెల్లగా పాడారో చూడండి. తర్వాతి తరం సినీ గాయకుల సున్నితమైన గానానికి పునాది ఎక్కడ పడిందో మీకే తెలుస్తుంది.