కామికెట్: బల్ల నుంచి తెరకు

జపాన్‌లో అభిమానులు స్వయంగా రాసి, గీసి, సొంత ఖర్చుతో అచ్చువేసుకునే పుస్తకాలను దోజిన్షి అంటారు. వాటి క్రయవిక్రయాల కోసం 1975 డిసెంబరు 21న టోక్యోలో 32 బృందాలతో, సుమారు 700 మంది సందర్శకులతో మొదలైన కామిక్ మార్కెట్, అంటే కామికెట్, 2019 చివరి నాటికి నాలుగు రోజుల్లో ఏడున్నర లక్షల హాజరును నమోదు చేసే స్థాయికి ఎదిగింది. ఇందులో ఒక్కో బృందానికి దక్కేది పొడవాటి బల్లలో సగభాగమే అయినా, రచయిత తన పాఠకుడికి పుస్తకాన్ని స్వహస్తాలతో అందించి నాలుగు మాటలు మాట్లాడటమే ఈ సంతకు ప్రాణం.

కరోనా కారణంగా 2020 మే నెలలో జరగవలసిన 98వ కామికెట్ రద్దయింది. చరిత్రలో తొలిసారి ఎదురైన ఈ అంతరాయంతో రచయితలే కాక, సంత గడువులపై ఆధారపడి నడిచే చిన్న ముద్రణాలయాలు కూడా దెబ్బతిన్నాయి. అవే తేదీల్లో అభిమానులు 'ఎయిర్ కామికెట్' పేరిట ట్విటర్‌లో హ్యాష్‌ట్యాగ్‌తో ముఖచిత్రాలను, కొన్ని పేజీలను ప్రదర్శించి, అమ్మకాలను బూత్, తోరానోఅనా, మెలన్‌బుక్స్ వంటి ఆన్‌లైన్ దుకాణాలకు మళ్లించారు. దూరప్రాంతాల పాఠకులకు ఇది కొంత మేలు చేసినా, వరుసల మధ్య నడుస్తూ, పేరైనా వినని రచయిత పుస్తకాన్ని అనుకోకుండా తిరగేసే అవకాశాన్ని వెతుకులాట మీద నడిచే దుకాణాలు పూర్తిగా ఇవ్వలేకపోయాయి. అందువల్లనే 2021 డిసెంబరులో ప్రవేశాలపై కఠిన పరిమితులు విధించి మరీ నిర్వాహకులు సంతను తిరిగి టోక్యో బిగ్ సైట్‌లో నిలబెట్టగా, ఆన్‌లైన్ అమ్మకం దానికి ప్రత్యామ్నాయంగా కాక అనుబంధంగా మిగిలింది.