నడుము నొప్పి: మంచము నుండి వ్యాయామానికి

మదనపల్లె చెంత ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1915 లో వెలసినది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమోట్-మోలర్ దానిని నడిపించారు. క్షయకు మందు లేని ఆ రోజులలో మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, మంచముపై దీర్ఘ విశ్రాంతి, ఇవే చికిత్స. పుంగనూరు, కుప్పం పల్లెలలో వేరుశనగ పీకి నడుము పట్టినవానికి పెద్దలు చెప్పేదీ విశ్రాంతే.

ఈ పోలిక కేవలం కాకతాళీయం కాదు. క్షయ వెన్నెముకకు కూడ పట్టుతుంది. పూసలు శిథిలమై గూని ఏర్పడుతుంది. 1779 లో పెర్సివల్ పాట్ దీనిని వర్ణించాడు. 19 వ శతాబ్దంలో హ్యూ ఓవెన్ థామస్ రోగగ్రస్తమైన కీళ్ళకు ఎడతెగని విశ్రాంతిని బోధించాడు. ఆ బోధ క్రమంగా మామూలు నడుము నొప్పికి కూడ పాకినది.

మందులు వచ్చిన పిదప మంచము ప్రతిష్ఠ తగ్గినది. 1956 లో మద్రాసులో ఆరంభమైన పరిశోధనలో, ఇంటివద్దనే మందులు పుచ్చుకొన్న క్షయ రోగులు చికిత్సాలయంలో పడుకొన్నవారితో దాదాపు సమానంగా కోలుకొన్నారు. వెన్నెముక క్షయలోనూ, నడవగల రోగులకు మందులతో పాటు మంచము అదనంగా మేలు చేయలేదని కొరియాలోని మాసాన్ పరిశోధన 1973 లో తెలిపినది.

ఇక వ్యాయామం మాట. 1937 లో అమెరికా వైద్యుడు పాల్ విలియమ్స్ నడుమును ముందుకు వంచే వ్యాయామాలు ప్రచారం చేశాడు. 1956 లో న్యూజిలాండులో రాబిన్ మెకెంజీ వద్దకు వచ్చిన రోగి ఒకడు, తల వైపు ఎత్తి ఉన్న బల్లపై పొరపాటున బోర్లా పడుకొన్నాడు. కొద్ది నిమిషాలలో కాలి నొప్పి పోయినది! దానితో వెనుకకు వంచే పద్ధతి పుట్టినది. ఎవరి పద్ధతి సరియైనది? ఇద్దరిదీ కొందరికే. వంగి కాయలు కోసేటప్పుడు నొప్పి హెచ్చేవానికి తరచు బోర్లా పడుకొనుట హాయి. నిలిచినా, నడచినా కాళ్ళు లాగి, కూర్చుంటే తగ్గే వృద్ధునికి ముందుకు వంగుటే హితం. కాలిలోని నొప్పి నడుము వైపు వెనుదిరిగితే ఆ కదలిక మంచిది. పాదము వైపు దిగజారితే మానవలసినదే.

కొత్తగా వచ్చిన నొప్పిలో వ్యాయామానికి తొందర అక్కరలేదు. 1995 లో హెల్సింకీ నగరోద్యోగులు 186 మందిని పరీక్షించగా, ఓర్చుకొన్నంత మేరకు రోజువారీ పనులు చేసుకొన్నవారే మంచము పట్టినవారి కంటె, వ్యాయామం చేసినవారి కంటె త్వరగా కోలుకొన్నారు. మూడు నెలలు దాటిన నొప్పికి మాత్రం వ్యాయామం మేలు. 249 పరీక్షలను సమీక్షించిన 2021 నాటి నివేదిక ఇదే తేల్చినది. నడక అందరికీ అందుబాటులోని ఆరంభం.

అయితే సాయంకాలపు జ్వరం, చిక్కిపోవుట, పడుకొన్నా తగ్గని నొప్పి ఉన్నచో వెన్నెముక క్షయను అనుమానించి, వ్యాయామానికి ముందే వైద్యునికి చూపవలెను. కాళ్ళు చచ్చుబడినా, మూత్రం బిగిసినా, మర్మస్థానం తిమ్మిరెక్కినా ఆనాడే ఆసుపత్రికి పోవలెను.